మూరకో బొటనవేలు

మొన్న కిటికీ తెరలకు గుడ్డ కొనడానికి మా ఆవిడ వెంట బజారుకు వెళ్ళాను. 'వెంట' అనే మాటలోనే నా హోదా ఉంది కాబట్టి వివరించను. కొట్టు గుమాస్తా మీటరు బద్దను గుడ్డ మీద పెట్టి, గోటితో గీత గీసి, కత్తెర మొన ఆనించి ఒక్క లాగు లాగాడు. పర్రుమని చిరిగింది. కొత్త గుడ్డ చిరిగినప్పుడు గంజి వాసన ఒకటి గుప్పున లేస్తుంది. చిరుగు గీత మీదనే నడిచింది, వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదు. "కొంచెం వదిలి కొయ్యవయ్యా" అన్నాను. "బిల్లు మీటర్ల లెక్కనే సార్" అన్నాడు. అతని తప్పేమీ లేదు. నేను మాత్రం అక్కడి స్టూలు మీద కూర్చుని చౌడప్పను తలచుకున్నాను. చౌడప్ప బాస్కెట్‌బాల్ ఆటగాడు. గుడ్డల కొట్టుకూ బాస్కెట్‌బాల్‌కూ ఏం సంబంధమని మా ఆవిడ నలభై ఏళ్ళుగా అడుగుతోంది. నోటితో చెప్పే ఓపిక తగ్గింది, అందుకని రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న మూడేళ్ళూ నేను అక్కడ ఒక ఆఫీసులో గుమాస్తాని. రాజధాని అనగానే మీరు ఏదో ఊహించుకునే ప్రమాదం ఉంది. మా ఆఫీసు ఒక డేరా. ఎండాకాలం అందులో కూర్చుంటే ప్రభుత్వ సేవ చేస్తున్నామో, ఉడుకుతున్నామో తెలిసేది కాదు. గాలి లేస్తే కాగితాలు వాటంతట అవే ఒక సెక్షను నుంచి ఇంకో సెక్షనుకు వెళ్ళేవి. ఫైళ్ళు అంత వేగంగా కదలడం నా సర్వీసులో మళ్ళీ చూడలేదు. నేను కడపవాణ్ణి, బి.ఏ. ప్యాసైనవాణ్ణి. ఆ రెండూ కలిసినా ఉక్కపోతకు ఒక విసనకర్రపాటి సాయం చేయలేదు.

మా సూపరింటెండెంటు రంగారావు గారు కోస్తా మనిషి. మద్రాసులో చదువుకునే రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడినవారు. ఆఫీసుకు కప్పు లేకపోయినా ఫరవాలేదు గాని, జట్టు లేకపోతే పరువు ఉండదని ఆయన నమ్మకం. ఎక్కడెక్కడో విచారించి చౌడప్పను పట్టుకొచ్చారు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. డేరాలో నిలబడితే నెత్తి గుడ్డకు తగిలి, పైన బయటి వాళ్ళకు ఒక బొడిపె కనబడేది. మొదటి రోజే నేను నోరు ఊరుకోక అన్నాను: "ఏమన్నా, డేరాను నెత్తిన మోస్తాండావే, దీనికి వేరే అలవెన్సు ఏమన్నా ఉండాదా?"

ఆయన నవ్వలేదు. "ఒంగితే నడుము నొప్పి, నిలబడితే మెడ నొప్పి. యాడ నొప్పి కావాల్నో నువ్వే చెప్పప్పా. చదువుకున్నోడివి" అన్నాడు. అప్పటి నుంచీ ఆయన నాకు చౌడన్న. నేను ఆయనకు 'అప్పా'ని, ఇరవై మూడేళ్ళ అప్పాని.

చౌడన్నది కోడుమూరు, మగ్గాల ఇల్లు. చిన్నప్పుడు కడపలో మేనమామ ఇంట ఉండి చదువుకుంటుంటే, బడిలో డ్రిల్లు మాస్టరు ఆ ఎత్తు చూసి చేతికి బంతి ఇచ్చాడట. ఎనిమిదో తరగతిలో చదువు ఆగింది, బంతి ఆగలేదు. బంతి ఆడినందుకు జీతమిచ్చే ఉద్యోగం ఆ రోజుల్లో ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు కాబట్టి, ఇచ్చేవాళ్ళు ఇంకేదో పేరు పెట్టి ఇచ్చేవారు. ఒక నూలు మిల్లు ఆయనను గోడౌను మేస్త్రీ అంది. యజమాని కొడుక్కి క్రికెట్ మీదికి మనసు మళ్ళగానే గోడౌనుకు మేస్త్రీ అవసరం తీరిపోయింది. తరువాత ఒక నూనె కంపెనీ వాచ్‌మన్ అంది. అక్కడ జట్టు ఓడిన ఏడాదే కాపలా అక్కరలేదని తేలింది. ముప్పై రెండో ఏట మా దగ్గర టెంపరరీ అటెండరు అయ్యాడు. మూడు చోట్లా పేరు వేరు, పని ఒకటే. కుడి మోకాలు అప్పటికే ఆయన మాట సరిగా వినడం లేదు. పొద్దున్నే దానికి ఆముదం రాసి, పాత పంచె అంచు చీల్చి చుట్టుకునేవాడు. ఎవరైనా చూస్తే చలి అనేవాడు. కర్నూలులో, మే నెలలో.

డేరాల వెనక కోర్టు మేమే వేసుకున్నాం. గరుసు పోసి, నీళ్ళు చల్లి, రాతి గుండు దొర్లించి, సున్నంతో గీతలు గీశాం. రెండు సర్వి గుంజలు వచ్చాయి. రింగులు కమ్మరి చేసిచ్చాడు. రింగు నేల నుంచి పదడుగుల ఎత్తులో ఉండాలని రంగారావు గారి దగ్గరున్న పుస్తకం చెప్పింది. మా దగ్గరున్న కొలత సామాను ఒక అడుగుబద్ద. "నేను కొలుస్తా సార్, మాది కొలిచే ఇల్లే" అని చౌడన్న ముందుకొచ్చాడు. ఆయన నడిమి వేలి మీద, రెండో గణుపు దగ్గర, పచ్చబొట్టు చుక్క ఒకటి ఉండేది. పదిహేనో ఏట ఆ చెయ్యి అదుపు లేకుండా పెరుగుతుంటే వాళ్ళ నాయన పొడిపించాడట. చెయ్యి పెరిగితే పెరగనీ, మూర పెరగకూడదని. రంగారావు గారు ఆ మోచేతి నుంచి చుక్క దాకా అడుగుబద్ద పెట్టి చూశారు. సరిగ్గా పద్దెనిమిది అంగుళాలు. పదడుగులంటే ఆరు మూరలూ ఒక అడుగూ అని నేను కాగితం మీద తేల్చాను. నా బి.ఏ. పనికొచ్చిన సందర్భం అదొక్కటే.

అడుగుబద్దతోనే పదిసార్లు కొలిస్తే సరిపోయేది కదా అని మీకిప్పుడు తోచి ఉంటుంది. అక్కడ ఏడుగురం ప్రభుత్వోద్యోగులం నిలబడి ఉన్నాం. ఒక్కరికీ తోచలేదు.

గుంజను నేల మీద పడుకోబెట్టి ఆయన కొలిచిన తీరు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. మోచెయ్యి ఆనించి, చుక్క దాకా చాచి, చుక్క అవతల ఎడమ బొటనవేలు అడ్డంగా పెట్టి, ఆ వేలి అవతలి నుంచి రెండో మూర మొదలుపెట్టాడు. అట్లా ఆరుసార్లు. చివర అడుగుబద్ద పెట్టి బొగ్గుతో గీత గీశాడు. దేవుడి ముందు దీపం పెట్టినంత శ్రద్ధగా చేశాడు. కొలవడమంటే ఇదే కాబోలు అని మేమంతా భక్తిగా చూశాం.

నాకు ఆట రాలేదు. బంతి నా వైపు వస్తే నేను మర్యాదగా పక్కకు తప్పుకునేవాణ్ణి. అందుకని స్కోరు పుస్తకం నా చేతికిచ్చారు. మొదటి ఏడే ఒక మ్యాచ్‌లో రిఫరీ ఈల వేశాక మా వాడు వేసిన బంతి రింగులో పడింది. రిఫరీ పంచె సర్దుకుంటున్నాడు, అవతలి వాళ్ళు నీళ్ళు తాగుతున్నారు. నేను రెండు పాయింట్లు రాసేశాను. ఎవరూ అడగలేదు. మ్యాచ్ అయ్యాక చౌడన్న వచ్చి బెంచీ మీద కూర్చుని, మోకాలి కట్టు విప్పుకుంటూ నిదానంగా అడిగాడు: "ఆ రెండూ యాడ నుంచి వచ్చినాయప్పా?"

"మన ఆఫీసే కదన్నా. రెండు పాయింట్లకు కరువొచ్చిందా?"

"మేము తప్పు ఆడితే ఓడిపోతాం. ఇంకోరోజు ఆడుకుంటాం. నువ్వు తప్పు రాస్తే మేము ఆడిందే లేదు. ఇంత ఎండలో ఊరికే ఎగిరినట్టు" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. కోపమైతే నేను ఏదో జోకు వేసి తప్పించుకునేవాణ్ణి. ఆ రెండు పాయింట్లూ కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. అయినా మేమే గెలిచాం కాబట్టి నా త్యాగం ఎవరి దృష్టికీ రాలేదు.

గెలవడమంటే మామూలు గెలవడం కాదు. ఆ మూడేళ్ళూ మా డేరాల వెనక మమ్మల్ని ఓడించిన జట్టు లేదు. ఎవరొచ్చినా వాళ్ళ బంతులు రింగుకు కిందుగా తగిలి తిరిగొచ్చేవి. చౌడన్న మాత్రం దూరంగా నిలబడి, మోకాలు వంచకుండా, చేత్తోనే పైకి విసిరితే బంతి బావిలో బొక్కెన దిగినట్టు దిగేది. మేము పొరుగూరు పోతే మటుకు ఓడిపోయేవాళ్ళం. మా బంతులు రింగు దాటి పోయేవి. మాకు బయటి నీళ్ళు పడటం లేదని రంగారావు గారు తేల్చి, ఆ తరువాత కూజాలో కర్నూలు నీళ్ళు పట్టుకెళ్ళే ఏర్పాటు చేశారు. అయినా ఓడిపోయాం.

ఇంతలో రాజధాని హైదరాబాదుకు పోతుందని ఖాయమైంది. పర్మనెంటు వాళ్ళంతా పోవాలి, టెంపరరీ వాళ్ళు ఇళ్ళకు పోవాలి. ఎవరెవరు వస్తారో జాబితా తయారవుతోంది. రంగారావు గారు చౌడన్నను పిలిచారు. నేను పక్క టేబులు దగ్గరే ఉన్నాను.

"చూడవయ్యా చౌడప్పా, వచ్చే ఆదివారం కడప జట్టు వస్తోంది. పెద్ద ఆఫీసరు గారు చూడటానికి వస్తున్నారు. గెలిచావనుకో, ఈ మనిషి లేకపోతే మన జట్టు లేదని ఆయన ఎదురుగానే చెప్పి నీ పేరు జాబితాలో వేయిస్తాను. ఓడితే నేను నోరెత్తలేను. తెలిసిందా?"

"తెలిసింది సార్."

బయటికొచ్చాక "ఏమన్నా, హైదరాబాదులో డేరాలు ఉండవంట. మేడలంట. మెడ నొప్పి పోతాది" అన్నాను. ఆయన మోకాలి కట్టు సర్దుకుంటూ అన్నాడు: "ఇద్దరు పిల్లోళ్ళు ఉండారప్పా. ముప్పై ఐదేండ్లు వచ్చె. ఇంగ నన్ను ఎవురు పిలుస్తారు? ఆడేది అలుపు కాదు. ఆడనీయండి సామీ అని ఒక్కొక్కని వాకిట్లో నిలబడి అడిగేది ఉండాదే, అది అలుపు."

గురువారం మధ్యాహ్నం. వదిలిపోయే సర్కారు సామాను పట్టీ రాయమని నాకు చెప్పారు: డేరాలు, గుంజలు, కుర్చీలు, కొలతలతో సహా. అందుకు ఇంజనీర్ల దగ్గర నుంచి ఒక గుడ్డ టేపు అడిగి తెచ్చుకున్నాను. డేరా గుంజలు అయ్యాక కోర్టు గుంజల దగ్గరకొచ్చాను. టేబులు వేసుకుని ఎక్కి, రింగు దగ్గర టేపు పట్టుకుని వదిలాను. పదడుగుల ఆరంగుళాలు. ఎండకు కళ్ళు తిరుగుతున్నాయనుకుని మళ్ళీ కొలిచాను. రెండో పక్కకు పోయి కొలిచాను. అక్కడా అంతే.

చౌడన్నను పిలుచుకొచ్చి చెప్పాను. ఆయన టేపును నమ్మలేదు. తన చెయ్యే గుంజకు ఆనించాడు. మోచెయ్యి, చుక్క, చుక్క అవతల బొటనవేలు. వేలి అవతల మళ్ళీ మోచెయ్యి పెట్టబోయి ఆగిపోయాడు. ఎవరిదో వేలును చూసినట్టు తన వేలినే చూసుకున్నాడు.

"థూ, నీ పాసుగూల!" అన్నాడు దానితో. తరువాత గుంజకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. "కొసరప్పా ఇది. గుడ్డ ఉతికితే కురచ అవుతాది. కొన్నోడు మోసపోకూడదని మూరకో వేలు వదిలి కొలవాల. మా నాయన అట్లే వదిలె, వాళ్ళ నాయనా వదిలె. నేను గుంజక్కూడా వదిలినా."

ఆరు మూరలు, ఆరు వేళ్ళు, ఆరంగుళాలు. మేము మూడేళ్ళు గెలిచింది దానితోనే. పాపం, కూజా నీళ్ళకు ఏ సంబంధమూ లేదు.

నేను చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఆ తరువాత నేనన్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి. గుర్తుండకపోతే బాగుండేది. "మూడేండ్లు ఎవురికీ తెలియలేదన్నా. ఇంకో మూడు దినాలు తెలియకుంటే కొంప మునగదు. మ్యాచ్ అయిపోనీ, సోమవారం ఎట్లాగూ గుంజలే పీకుతారు. నేను పట్టీలో పదడుగులని రాస్తా."

"కొసరనేది కొనేవానికి పోవాలప్పా. ఇది మనకే వస్తాండాది. కడపోళ్ళు అంత దూరం నుంచి వచ్చి, వేసిందల్లా కురచ పడి, మాకు చేతకాదేమో అనుకోని పోతాండారు."

"దించితే ముందు గురి తప్పేది నువ్వే. మూడేండ్లు నీ చెయ్యి ఈ ఎత్తుకే మరిగినాది. నీ మోకాలికి కొత్తగా నేర్చుకునే ఓపిక ఉండాదా?"

"లేదు."

"మరి?"

ఆయన గుంజ పట్టుకుని లేచాడు. "ఆ టేబులు గట్టిగా పట్టుకో. ఒక కాలు కురచ దానికి, ఊగుతాది" అన్నాడు.

ఆ సాయంత్రమే రింగులు బిగించిన రెండు పలకలూ మరలు విప్పి ఆరంగుళాలు దించాడు. నేను టేబులు పట్టుకున్నాను. ఆ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచిపని టేబులు పట్టుకోవడం. పాత మరల బెజ్జాలు గుంజ మీద అట్లాగే మిగిలాయి. రంగారావు గారికి చెబుదామా అన్నాను. "ఆయప్ప వద్దంటే మళ్ళీ ఎక్కించాల. నాకు రెండోసారి ఎక్కే ఓపిక లేదు" అన్నాడు.

ఆదివారం సాయంత్రం పెద్ద ఆఫీసరు గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. రంగారావు గారి చూపు ఆ కుర్చీ మీదే ఉంది కాబట్టి రింగు ఎత్తు ఆయనకు కనబడలేదు. కడప వాళ్ళ మొదటి బంతి రింగులో పడింది. వేసినవాడే నమ్మలేక అక్కడే నిలబడిపోయాడు. రెండోదీ పడింది. చౌడన్న వేసిన మొదటి ఐదూ రింగు మీదుగా పోయి పలక పైఅంచుకు తగిలాయి. బయట జనం "ఏమన్నా, మబ్బులకు వేస్తాండావా?" అని అరిచారు. నేను తల వంచుకుని రాస్తున్నాను. నా వృత్తిలో ఉన్న సౌకర్యం అదే.

సగం ఆట అయ్యేసరికి ఎనిమిది పాయింట్లు వెనక ఉన్నాం. ఆ తరువాత ఆయన బంతి వేయడం మానేశాడు. వచ్చిన ప్రతి బంతినీ చిన్నవాళ్ళకు అందించాడు. రెండు రోజుల్లోనే వాళ్ళ చేతులు కొత్త ఎత్తు పట్టేశాయి. ఒక్కొక్కటే ఎక్కుతూ వచ్చి, చివరి నిమిషంలో ఒక్క పాయింటు తేడాకు వచ్చాం. అప్పుడు బంతి ఆయన చేతిలోనే చిక్కింది. అందించడానికి దారి లేదు, చుట్టూ ముగ్గురున్నారు. కట్టు కట్టిన మోకాలు నా కళ్ళ ముందే ఒకసారి వణికింది. వేశాడు. పాత ఎత్తుకు అది చక్కటి బంతి. ఆరంగుళాలు పైన, గాలిలో, ఇప్పుడు లేని రింగులోకి సరిగ్గా దిగి, పలకకు తగిలి బయటికి వచ్చింది. ఈల పడింది.

కడప కెప్టెన్ వచ్చి చౌడన్న చెయ్యి పట్టుకున్నాడు. "ఏమన్నా, పోయిన సారి మీ కాడ ఆడితే మా చేతులకు దెయ్యం పట్టినాదనుకొంటిమి. ఈ తూరి వదిలినాదే!"

"దెయ్యం కాదప్పా" అని చౌడన్న బొటనవేలు చూపించాడు. కెప్టెన్ అది ఏదో గెలుపు గుర్తు అనుకుని తన బొటనవేలు కూడా చూపించి వెళ్ళిపోయాడు.

బుధవారం జాబితా వచ్చింది. దాన్ని సాపుగా తిరగరాసింది నేనే. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని అటువంటి పనులు నాకే ఇచ్చేవారు. అటెండర్ల పేర్లు అయిపోయిన చోట, ఇంకొక పేరు పట్టేటంత, ఒక గీత జాగా మిగిలింది. "సార్" అన్నాను. రంగారావు గారు తలెత్తి చూశారు. ఆ చూపులో కోపం లేదు, ఆయనా అలసిపోయి ఉన్నారు. నేను కలంలో సిరా నింపుకున్నాను. అంతకు మించి నేను ఏమైనా చేశానని ఎవరైనా అంటే నమ్మకండి.

బస్టాండులో కోడుమూరు బస్సు దగ్గర ఆయన ఒక ట్రంకు పెట్టె మీద కాలు చాచి కూర్చున్నాడు. నేను కొన్న అరటిపళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఏదైనా జోకు వేయాలని చాలా ప్రయత్నించాను. రాలేదు. ఆయనే అడిగాడు.

"ఎంతకు పోయింది మ్యాచ్? సరిగా రాస్తివా?"

"ముప్పై ఒకటి, ముప్పై. సరిగానే రాసినా."

"అయితే ఆడినట్టే" అన్నాడు. మెడ వంచి బస్సు ఎక్కాడు.

హైదరాబాదులో నాకు ప్రమోషన్లు వచ్చాయి. వాటి గురించి చెప్పేందుకు ఏమీ లేదు. ఐదారేళ్ళకు ఏదో పని మీద కర్నూలు పోయినప్పుడు కోడుమూరు వెళ్ళాను. గుంట మగ్గంలో కూర్చుని ఉన్నాడు. అంత ఎత్తు మనిషీ నడుము దాకా భూమిలో ఉండి, నేను నిలబడితే మొదటిసారి నాకంటే పొట్టిగా కనిపించాడు. నాకు చెప్పాలనుకున్న మాట ఒకటి ఉంది. ఆ జాబితాలో మిగిలిన ఒక గీత జాగా గురించి. గుంట అంచున కూర్చున్నాను. మగ్గం ఆడుతూనే ఉంది. "మోకాలు ఎట్లుండాదన్నా?" అన్నాను, దాని బదులు.

"గుంటలో చల్లగా ఉంటాదప్పా. దానికి ఇదే బాగుండాది" అన్నాడు. చెప్పకుండానే తిరిగొచ్చాను.

అంతకు ముందు, నా పెళ్ళికి, ఆయన పోస్టులో ఒక పంచె పంపాడు. పైన కాగితం ముక్క మీద, ఎనిమిదో తరగతి అక్షరాలతో, 'ఎనిమిది మూరలు' అని రాసి ఉంది. ఇంజనీర్ల టేపు ఇంకా నా దగ్గరే ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ సర్కారు సామాను పట్టీలో నేను రాయని వస్తువు అదొక్కటే. పెళ్ళి పందిట్లో బంధువులు నవ్వుతుంటే, పంచె పరిచి కొలిచాను. ఎనిమిది మూరలంటే నూట నలభై నాలుగు అంగుళాలు రావాలి. నూట యాభై రెండు వచ్చింది.

సర్వీసులో ఎన్నో కాగితాలు నా చేతి మీదుగా పోయాయి. ఎక్కడైనా కొంచెం ఎక్కువ పడిందని కనబడితే, అది ఎవరి వైపు పడిందో చూడటం ఒక అలవాటుగా మిగిలింది. చాలాసార్లు మా వైపే పడి ఉండేది. కొన్నిసార్లు దించాను. కొన్నిసార్లు కలంలో సిరా నింపుకున్నాను. ఎన్నిసార్లు ఏది చేశానో నా స్కోరు నేను సరిగానే రాసుకున్నాను, ఎవరికీ చూపించను.

మొన్న కొన్న తెరలు నిన్న ఉతికి ఆరేశాం. కిటికీకి ఆరంగుళాలు కురచ పడ్డాయి. మా ఆవిడ కొట్టువాణ్ణి తిడుతోంది. నేను పెట్టెలోంచి ఆ పాత పంచె తీసి చూశాను. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి పోగులు లేచిపోయాయి. టేపు పెట్టి కొలిచాను. ఎనిమిది మూరలు సరిగ్గా ఉంది.